జిల్లా ఆస్పత్రుల్లో క్లినికల్ పాత్‌వేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, క్వాలిటీ పని చూసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. పేషెంట్ల ఇంటివాళ్లు అడిగేవి కూడా కొన్ని కలిపాను. మందుల గురించి రాసినవన్నీ ఉదాహరణ కోసమే. మీ వార్డులో వాడే షీట్‌ను మీ స్పెషలిస్టులు చదివి సంతకం పెట్టాకే వాడండి.

క్లినికల్ పాత్‌వే అంటే ఏమిటి?

ఒక జబ్బుతో వచ్చిన పేషెంటుకు, క్యాజువాలిటీలో అడుగుపెట్టిన నిమిషం నుంచి డిశ్చార్జి దాకా ఏ పని ఎప్పుడు జరగాలి, ఎవరు చేయాలి అని ముందే కూర్చుని రాసుకున్న షీట్. డాక్టర్ చేసేది, సిస్టర్ చేసేది, ల్యాబ్ చేసేది, ఫార్మసీ ఇచ్చేది, ఇంటివాళ్లకు చెప్పాల్సింది అన్నీ టైం ప్రకారం ఒకేచోట ఉంటాయి. చేసిన ప్రతి పని పక్కన టైం, సంతకం వేస్తారు. చేయలేకపోతే ఎందుకు చేయలేదో రెండు ముక్కలు రాస్తారు. ఆ కారణం రాసే గడి లేని షీట్‌ను నేను పాత్‌వేగా లెక్కలోకి తీసుకోను.

గైడ్‌లైన్లు ఉన్నాయి కదా, మళ్లీ ఇదెందుకు?

గైడ్‌లైన్ దేశమంతటికీ కలిపి రాసింది. పక్షవాతం లక్షణాలుంటే వెంటనే సీటీ తీయాలని చెప్తుంది. మన క్యాజువాలిటీ నుంచి సీటీ గదికి స్ట్రెచర్ ఎవరు తోస్తారు, రాత్రిపూట టెక్నీషియన్‌కు ఫోన్ ఎవరు చేస్తారు, ఫిల్మ్ ఎవరు చూస్తారు అనేవి గైడ్‌లైన్లో ఉండవు. వాటిని మనమే రాసుకోవాలి.

అయితే వైద్యం భాగాన్ని సొంతంగా కనిపెట్టనక్కర్లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ గైడ్‌లైన్లు ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019 నుంచి తెస్తున్న స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీలో ఉంటాయి. వాటిని ముందు పెట్టుకుని మన ఆస్పత్రి మనుషులను, గదులను, టైంలను అందులో కలుపుకుంటే సగం పని అయిపోతుంది.

ఈ పద్ధతి ఎక్కడ మొదలైంది?

1950ల్లో పెద్ద ఫ్యాక్టరీల నిర్మాణంలో ఏ పని తర్వాత ఏది, ఏది ఆలస్యమైతే మొత్తం ఆగిపోతుంది అని లెక్కగట్టే పద్ధతి వచ్చింది. 1980ల్లో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ మెడికల్ సెంటర్‌లో కేరెన్ జాండర్ తదితర నర్సులు దాన్ని వార్డులోకి తెచ్చారు. మొదలుపెట్టింది నర్సులే అన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. డాక్టర్లు రాసేసి నర్సుల చేత నింపించే షీట్లు చూసినప్పుడల్లా నాకు ఈ చరిత్రే గుర్తొస్తుంది.

మన జిల్లాలకు ఇది అంత అవసరమా?

పెద్ద కార్పొరేట్ ఆస్పత్రుల కంటే మనకే ఎక్కువ అవసరం. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో మొదలైంది. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో వచ్చాయి. ఒకప్పుడు జిల్లా ఆస్పత్రిగా నడిచినవి ఇప్పుడు టీచింగ్ హాస్పిటళ్లు. మంచాలు పెరిగాయి, డిపార్ట్‌మెంట్లు పెరిగాయి, హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చివర శిక్షణలో ఉన్న డాక్టర్లు) వచ్చారు. కానీ హౌస్ సర్జన్ ఒక డిపార్ట్‌మెంట్‌లో పని నేర్చుకునేలోపే పోస్టింగ్ మారిపోతుంది. కాంట్రాక్ట్ సిస్టర్లు మారతారు. డ్యూటీ డాక్టర్లు మారతారు. పాత సిస్టర్‌కు నోటికి వచ్చిన పని కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరు చెప్పాలి?

పగలు పదకొండు గంటలకు ప్రొఫెసర్ రౌండ్స్‌లో ఉండగా వచ్చిన పేషెంటుకు ఏ వైద్యం దొరుకుతుందో, రాత్రి రెండు గంటలకు దేవరకొండ నుంచి 108లో వచ్చిన మనిషికి కూడా అదే దొరకాలి. పాత్‌వే గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది. మంచి డాక్టర్ డ్యూటీలో ఉండటం పేషెంటు అదృష్టం మీద ఆధారపడకూడదు.

ఏ జబ్బుతో మొదలుపెట్టాలి?

మూడు చూడండి. కేసులు తరచుగా రావాలి, ఆలస్యమైతే ప్రాణం పోయేదై ఉండాలి, చేయాల్సిన పని విషయంలో డాక్టర్ల మధ్య పెద్దగా భేదాలు ఉండకూడదు. మన వైపు ఈ మూడూ కలిసేవి పాము కాటు, పురుగుల మందు కేసులు, కాన్పు తర్వాత రక్తస్రావం, గుండెపోటు. షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుతో మొదలుపెడితే షీట్ పొడుగవుతుంది, ఫలితం కనబడటానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు అందరికీ ఉత్సాహం చచ్చిపోతుంది.

ఒక్కటే తీసుకోండి. ఒకేసారి పది పాత్‌వేలు ప్రింట్ చేసిన చోట పదీ అల్మారాలో ఉంటాయి.

పాము కాటు పాత్‌వేలో ఏం ఉంటుంది?

మొదటి పది నిమిషాల్లో శ్వాస, నాడి, బీపీ చూడటం, కట్టు కట్టి ఉంటే డాక్టర్ ఎదుటే జాగ్రత్తగా విప్పటం, కాటు టైం రాయటం. ఆ వెంటనే 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష. దీనికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల తాజా రక్తం గాజు ట్యూబ్‌లో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. ఇంత తేలిక పరీక్ష కూడా తప్పు ఫలితం ఇచ్చేది ఎక్కడంటే ట్యూబ్ దగ్గర. ప్లాస్టిక్ ట్యూబ్ వాడినా, సబ్బుతో కడిగిన ట్యూబ్ వాడినా నమ్మలేం. అందుకే షీట్‌లో "పొడి, కొత్త గాజు ట్యూబ్, ఫలానా డ్రాయర్‌లో" అని రాయాలి. నాకు నచ్చే పాత్‌వేల్లో డ్రాయర్ పేరు కూడా ఉంటుంది.

కట్లపాము సంగతి వేరే గడిలో ఉండాలి. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు. కాటు గుర్తు కనపడదు, నొప్పి ఉండదు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి. రక్తం పరీక్ష మామూలుగానే ఉంటుంది కాబట్టి ఏమీ లేదని ఇంటికి పంపే ప్రమాదం ఉంది. "రెప్పలు వాలుతున్నాయా, మింగగలుగుతున్నారా" అని సిస్టర్ గంటగంటకూ చూసి రాసే గడి ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

విషం లక్షణాలుంటే దానికి విరుగుడైన యాంటీ స్నేక్ వీనమ్ మొదటి డోసు 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) అని జాతీయ మార్గదర్శకాలు చెప్తాయి. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి సైజును బట్టి మారదు. ముందు టెస్ట్ డోస్ ఇవ్వనక్కర్లేదు. రియాక్షన్ వస్తే ఇవ్వటానికి అడ్రినలిన్ సిరంజిలో నింపి పక్కన ఉండాలి. రక్తం మీద పనిచేసే విషమైతే ఆరు గంటలకు పరీక్ష మళ్లీ చేయాలి. ఆ ఆరో గంట చాలాసార్లు షిఫ్ట్ మారే సమయంలో పడుతుంది, అందుకే మర్చిపోతారు. కేంద్రం 2024 మార్చిలో తెచ్చిన జాతీయ ప్రణాళిక 2030కల్లా పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలంటోంది. ఆ సగం ఇలాంటి ఆరో గంటల దగ్గరే తగ్గాలి.

పురుగుల మందు కేసులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. వాటికి ఒకే షీట్ ఎలా సరిపోతుంది?

మొదటి ప్రశ్నే దారిని విడదీస్తుంది: పురుగుల మందా, గడ్డి మందా? డబ్బా తెచ్చారా, లేకపోతే ఇంట్లో ఎవరైనా ఫోటో తీసి పంపగలరా? ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందులకు విరుగుడుగా అట్రోపిన్ పనిచేస్తుంది. పారాక్వాట్ లాంటి గడ్డి మందుకు అది పనిచేయదు. పైగా రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప ఆక్సిజన్ పెట్టడమే ఊపిరితిత్తులకు హాని. ఊపిరాడని పేషెంటు కనబడగానే మాస్క్ పెట్టడం మనకు అలవాటు కాబట్టి, ఈ హెచ్చరిక పెద్ద అక్షరాల్లో ఉండాలి.

అట్రోపిన్ విషయంలో అసలు తేడాలన్నీ "ఎప్పుడు ఆపాలి" అనే దగ్గర వస్తాయి. ఒకరు కంటిపాప పెద్దదైతే చాలంటారు, ఇంకొకరు నాడి చూస్తారు. పాత్‌వేలో ఐదు గుర్తులు ఒకే వరసలో ఉంటాయి: ఊపిరితిత్తుల్లో గురగుర లేకపోవడం, నాడి 80 దాటడం, పై బీపీ 80 దాటడం, చంకలు పొడిగా ఉండటం, కంటిపాప చుక్కలా ఉండకపోవడం. అక్కడికి చేరేదాకా ప్రతి ఐదు నిమిషాలకు చూసి, సరిపోకపోతే డోసు రెట్టింపు చేస్తారు. చేరాక ఇన్‌ఫ్యూజన్, అంటే సెలైన్‌లా నెమ్మదిగా ఎక్కించడం. జ్వరం, కలవరింతలు, కడుపు కదలికలు ఆగిపోవడం కనిపిస్తే అట్రోపిన్ ఎక్కువైందని తెలిసేలా మరో గడి.

ఇక్కడితో గండం గడిచిందనుకుంటాం. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, పేషెంటు మాట్లాడుతూ బాగానే ఉన్నప్పుడు, మెడ కండరాలు, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు బలహీనపడొచ్చు. "దిండు మీంచి తల ఎత్తగలుగుతున్నారా?" అని ప్రతి షిఫ్ట్‌లో అడిగే ఒక్క గడి ఉంటే చాలు, ముందే తెలుస్తుంది. డబ్బు ఖర్చు లేదు, మిషన్ అక్కర్లేదు.

ఆఖరి భాగం గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. తెలిసి తాగిన మనిషిని విషం దిగగానే డిశ్చార్జి చేసి పంపేస్తే వైద్యం సగంలో ఆపినట్టే. సైకియాట్రీ వాళ్లు చూశారా, ఇంట్లో మందు డబ్బాలు తాళం వేసి పెట్టమని చెప్పామా, టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) నంబరు 14416 రాసిచ్చామా అనేవి డిశ్చార్జి గడుల్లో ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడమంటుంది, శిక్షించమనదు. వార్డులో ఎవరూ ఎత్తిపొడుపు మాటలు అనకూడదని కూడా షీట్‌లోనే రాయండి. రాయాల్సిన అవసరం ఉంది.

షీట్ ఉంటే డాక్టర్ సొంత ఆలోచనకు చోటుంటుందా?

ఉంటుంది. షీట్ దాటి పోవడానికి డాక్టర్‌కు పూర్తి హక్కు ఉంది. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి, గర్భిణికి, రెండు మూడు జబ్బులు కలిసిన ముసలివాళ్లకు దాటాల్సే ఉంటుంది కూడా. అలా దాటినప్పుడు కారణం రాయాలి, అంతే. దాన్ని వేరియన్స్ అంటారు.

నెలాఖరుకు ఆ కారణాలన్నీ ఒకచోట పెట్టి చదివితే ఆస్పత్రి లోపలి బొమ్మ కనపడుతుంది. సీటీ ఆలస్యం కావడానికి డాక్టర్ కారణమా, లిఫ్ట్ పనిచేయకపోవడమా? యాంటీబయాటిక్ ఆలస్యమైంది సిస్టర్ వల్లా, రాత్రి ఫార్మసీ మూసి ఉండటం వల్లా? ఎక్కువ సార్లు జవాబు మనుషుల దగ్గర ఉండదు, ఏర్పాట్ల దగ్గర ఉంటుంది. అయితే ఈ కాగితాలను మెమో ఇవ్వడానికి ఒక్కసారి వాడారా, మర్నాటి నుంచి అన్ని గడుల్లోనూ టిక్కులే ఉంటాయి, నిజం ఉండదు. సూపరింటెండెంట్ గారు ఈ మాట అందరి ముందు ఒకసారి నోటితో చెప్పాలి.

ఇప్పటికే కేస్ షీట్లు, రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు. సిస్టర్లకు టైం ఎక్కడిది?

నిజమైన ఇబ్బంది. పాత కాగితం తీసేయకుండా కొత్తది కలపొద్దు. పాత్‌వే వస్తే నర్సింగ్ నోట్స్, మానిటరింగ్ చార్ట్, డాక్టర్ ఆర్డర్లు దానిలోకే రావాలి. అదే కేస్ షీట్‌లో భాగం కావాలి. ఒకే బీపీని మూడు చోట్ల రాయించే పాత్‌వేను సిస్టర్లు వద్దనడమే న్యాయం. సాధారణంగా రెండు పేజీలు దాటకుండా చూసుకోండి.

ఇది నిజంగా పనిచేస్తుందని ఆధారం ఉందా?

ఉంది, హద్దులు కూడా ఉన్నాయి. 2010లో కాక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష 27 అధ్యయనాలను, 11,398 మందిని కలిపి చూసింది. పాత్‌వేలు వాడినచోట ఆస్పత్రిలో వచ్చే కాంప్లికేషన్లు తగ్గాయి, రికార్డులు మెరుగయ్యాయి. దీనికి దగ్గరి బంధువు లాంటిది ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్ట్. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో చేసిన, 2009లో అచ్చయిన అధ్యయనంలో మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి దిగాయి. కాన్పు తర్వాత రక్తస్రావానికి 2023లో వచ్చిన ఈ-మోటివ్ అధ్యయనం నాలుగు ఆఫ్రికా దేశాల్లో 80 ఆస్పత్రుల్లో జరిగింది. రక్తాన్ని కొలతలున్న సంచిలో కొలిచి, గర్భాశయం మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టడంతో తీవ్ర రక్తస్రావం లాంటి పెద్ద ఆపదలు 60 శాతం తగ్గాయి.

మరో వైపు, ఉత్తరప్రదేశ్‌లో 120 కేంద్రాల్లో కాన్పుల చెక్‌లిస్ట్ పెట్టి, కోచ్‌లను పంపి చేసిన బెటర్‌బర్త్ అధ్యయనం 2017లో వచ్చింది. పద్ధతులు పాటించడం బాగా పెరిగింది, కానీ తల్లీబిడ్డల మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. రక్తం, సిజేరియన్ వసతి, నిపుణులు, రిఫరల్ బండి లేని చోట కాగితం ఒక్కటే ఏం చేయగలదు? పాత్‌వేతో అన్నీ మారిపోతాయని చెప్పేవాళ్లకు ఈ అధ్యయనం చూపించండి.

ఆపరేషన్ పేషెంట్లకు ఏం మారుతుంది?

రెండు విషయాలు చెప్తాను. "రాత్రి పది తర్వాత నీళ్లు కూడా తాగొద్దు" అని చెప్పి, మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపరేషన్ చేయడం మన దగ్గర మామూలు. మామూలు పేషెంటుకు తిండి ఆరు గంటల ముందు, నీళ్లు రెండు గంటల ముందు ఆపితే సరిపోతుంది. షుగర్ ఉన్న ముసలావిడను పదిహేను గంటలు ఎండబెట్టడం వైద్యం కాదు. రెండోది యాంటీబయాటిక్. కోత పెట్టడానికి ముందు గంటలోపు ఒక డోసు ఇవ్వాలి. ఇన్ఫెక్షన్ లేని మామూలు ఆపరేషన్‌కు 24 గంటలు దాటి కొనసాగించనక్కర్లేదు. ఐదు రోజుల ఇంజెక్షన్లు అలవాటుగా రాయడాన్ని పాత్‌వే ఆపగలదు.

కాన్పులకు కూడా వర్తిస్తుందా?

తప్పకుండా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. నొప్పులు ఎప్పటి నుంచి లెక్క, ఎన్ని గంటలు ఓపిక పట్టాలి, ఏ గుర్తు కనిపిస్తే ఆగకూడదు అనేది డాక్టర్‌కో తీరుగా ఉంటే ఆ అంకె దిగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లేబర్ కేర్ గైడ్ చురుకైన నొప్పులను గర్భాశయ ముఖం ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి లెక్కిస్తుంది. మీ లేబర్ రూం పాత్‌వేను దాని చుట్టూ రాసుకోండి. ప్రభుత్వ ఆస్పత్రులైతే లేబర్ రూంల నాణ్యత కోసం కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమం ప్రమాణాలతో కలుపుకోవచ్చు.

బయటి ఆస్పత్రి షీట్ తెచ్చి వాడుకోవచ్చా?

తెచ్చుకోండి, కానీ మన మనుషులకు తగ్గట్టు మార్చండి. మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవాళ్లలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) వల్ల వెన్ను బిగుసుకుపోయి ఉంటుంది. వెన్నుకు మత్తు ఇవ్వడం కష్టమవుతుంది. ఆపరేషన్ ముందు రోజే మత్తు డాక్టర్ వెన్ను చూసే గడి హైదరాబాద్ షీట్‌లో ఉండకపోవచ్చు, నల్లగొండ షీట్‌లో ఉండి తీరాలి.

పాలమూరు వైపు వలసలు ఎక్కువ. కుట్లు తీసే రోజుకు మనిషి ముంబైలోనో పుణెలోనో ఉంటాడు. డిశ్చార్జి రోజే "ఎప్పుడు బయల్దేరుతున్నారు, అక్కడ ఎవరికి చూపించుకుంటారు" అని అడిగి, ఇంట్లో ఉండేవాళ్ల నంబరు కూడా రాసుకోవాలి. అమ్రాబాద్ అడవి నుంచి వచ్చిన చెంచు కుటుంబానికి మూడు రోజుల తర్వాత రమ్మని రాయడం తేలిక. రావడానికి బండి ఏది? దగ్గరి పీహెచ్‌సీలో చూపించుకునేలా అక్కడి సిస్టర్‌కు ఫోన్ చేయడం మన పాత్‌వేలో ఒక పని కావాలి.

ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ఉంటే అదే పాత్‌వే కదా?

కాదు. ప్యాకేజీ డబ్బు లెక్క. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి కాబట్టి మన వైపు అందరికీ దాని కాగితాలు బాగా తెలుసు. ఆరోగ్యశ్రీ అనుమతికి కావాల్సిన ఫోటోలు, రిపోర్టులు మొదటి రోజే తీసేలా పాత్‌వేలో పెడితే ఆపరేషన్ రెండు రోజులు ఆగే పరిస్థితి తప్పుతుంది. అంతవరకే. బిల్లు కోసం పరీక్షలు కలిపితే అది ఇంకో వ్యవహారం.

హైదరాబాద్ పంపాల్సిన కేసులకు?

నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఇంట్లో ఒక గంట, ఆర్‌ఎంపీ దగ్గర ఒక గంట, మన దగ్గర ఒక గంట పోతే దారికి మిగిలేదేమీ లేదు. కాబట్టి మొదటి గడిలో "చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు చూశారు" అని ఉండాలి. పంపాలా, ఇక్కడే ఇవ్వాలా అనేది ఎవరు నిర్ణయిస్తారో పేరుతో ఉండాలి. అవతలి డాక్టర్‌తో మాట్లాడాకే బండి కదలాలి.

పేషెంటు ఇంటివాళ్లకు షీట్ చూపించాలా?

వాళ్ల కోసం వేరే ఒక పేజీ, పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఇవ్వండి. ఈరోజు ఏం చేస్తారు, రేపు ఏం చేస్తారు, ఎన్నో రోజు ఇంటికి పంపొచ్చు, ఏం కనబడితే వెంటనే సిస్టర్‌ను పిలవాలి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. తండాల నుంచి వచ్చినవాళ్లకు లంబాడీ తెలిసిన సిబ్బంది ఎవరైనా చదివి చెప్పాలి. ఇంటివాళ్లారా, మీ దగ్గర ఆ పేజీ ఉంటే "ఈ పరీక్ష ఇంకా అవలేదు కదమ్మా" అని సిస్టర్‌ను అడగండి. అడగడం తప్పు కాదు.

ఏం కొలవాలి?

కొన్నే కొలవండి. గుండెనొప్పితో వస్తే పది నిమిషాల్లో ఈసీజీ అయిందా? పాముకాటులో మొదటి వయల్ ఎంతసేపటికి ఎక్కింది? ఆరో గంట పరీక్ష జరిగిందా? వీటితో పాటు మరణాలు, మళ్లీ అడ్మిట్ అయినవాళ్లు. పగటి అంకెలను, రాత్రి అంకెలను విడిగా రాయండి. రెంటికీ తేడా తగ్గుతోందా అన్నదే నేను మొదట చూసేది.

ఇరవై మంచాల నర్సింగ్ హోంలో సాధ్యమేనా?

సాధ్యమే, ఇంకా సులభం కూడా. ఉన్న నలుగురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు.

ఎన్నాళ్లకోసారి మార్చాలి?

ఏడాదికోసారి తప్పనిసరిగా, కొత్త గైడ్‌లైన్ వస్తే వెంటనే. మొదటి మూడు నెలలైతే నెలనెలా చూడండి, ఎందుకంటే మొదటి షీట్‌లో పనికిరాని గడులు చాలా బయటపడతాయి. ప్రతి షీట్ అడుగున వెర్షన్ నంబరు, తేదీ, ఆమోదించిన డాక్టర్ సంతకం వేయండి. కొత్తది వచ్చిన రోజు పాత కాపీలను వార్డుల్లోంచి, క్యాజువాలిటీ డ్రాయర్లలోంచి, జిరాక్స్ షాపులో ఉంచిన ఒరిజినల్‌తో సహా తెప్పించి చింపేయండి. లేకపోతే రెండేళ్ల నాటి డోసు ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరి చేతికి వస్తుంది.